ముంపు ఇంటి బీమాకు ప్రభుత్వ సొమ్ము: ఎవరికి, ఎంతవరకు?

(విజయవాడ గవర్నర్‌పేటలో జరిగిన ఒక పౌర సదస్సులో విశ్రాంత బీమా సర్వేయరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవారు ఒక్క వాక్యంలో ప్రశ్న రాసి పంపారు: వరద ముంపు ఉన్న చోట సొంత ఇళ్లున్నవారు కట్టే బీమా ప్రీమియంలో కొంత భాగాన్ని ప్రభుత్వం భరించాలా, వద్దా? ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పి కూర్చోవచ్చు గాని, అలా చెప్పగలిగినవాళ్లు 2024 సెప్టెంబరు 1 ఉదయం ఏ ఊళ్లో ఉన్నారా అని నాకు అనుమానం వస్తుంది.

ఆ రోజు ఆదివారం. ఈ హాల్లో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వైపు నుంచి వచ్చినవారు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. సరే, సగానికి పైగా ఉన్నారు. అయితే నేను వర్ణించనవసరం లేదు. బుడమేరు వాగు నీటిని కృష్ణలోకి పంపే మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడటం, నిద్ర లేచేసరికి గుమ్మంలో నీళ్లు ఉండటం, ఆ నీళ్లు రోజుల తరబడి పోకపోవడం, చివరికి ఫైరింజన్లు తెప్పించి ఇళ్లలో బురద కడిగించడం, ఇవన్నీ మీరు చూసినవే. సరిగ్గా అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అది 2009 అక్టోబరు నాటి పెద్ద వరదను కూడా మించింది. అయినా 2009లో మునిగిన కృష్ణలంక ఈసారి పెద్దగా మునగలేదు. ఎందుకు మునగలేదు? నదికీ ఇళ్లకూ మధ్య గోడ లేచింది కాబట్టి. ఆ గోడ ఎవరు కట్టారన్న తగాదాలోకి నేను పోను, మీరూ పోకండి, అందులో దిగితే ఈ సభ తెల్లవారేదాకా ముగియదు. నేను అడిగేది ఒక్కటే: ఒకే ఊళ్లో, ఒకే వారంలో, రికార్డు వరద వచ్చిన నది పక్కన ఉన్నవాడు బయటపడ్డాడు, మామూలు రోజుల్లో గుర్రపుడెక్క నిండిన వాగు పక్కన ఉన్నవాడు మునిగాడు. మరి ఈ ఇద్దరి బీమాకూ ధర ఒకటే ఉండాలా?

ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోండి, మళ్లీ దాని దగ్గరకే వస్తాను.

ముందుగా బీమా అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. తెలిసినవారు క్షమించాలి. వెయ్యి మంది స్కూటర్లకు బీమా చేస్తే ఏడాదిలో ఏ ఇరవై మందికో ప్రమాదం జరుగుతుంది, మిగిలిన తొమ్మిది వందల ఎనభై మంది డబ్బు ఆ ఇరవై మందికి వెళుతుంది. వెయ్యి స్కూటర్లూ ఒకే రోజున గుద్దుకోవు. వరద అలా రాదు. సింగ్ నగర్‌లో వెయ్యి ఇళ్లకు బీమా చేసిన కంపెనీకి ఇరవై ఏళ్ల పాటు ఒక్క క్లెయిము కూడా రాకపోవచ్చు, ఇరవై ఒకటో ఏట ఒక్క ఉదయాన వెయ్యీ కలిసి రావచ్చు. అందుకనే కంపెనీలు ఆ భారాన్ని పునర్బీమా పేరుతో ఇంకొకరికి పంచుతాయి. ఆ ఖర్చు కూడా ప్రీమియంలోనే కలుస్తుంది. దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. వీధికి నీరు వస్తుందని తెలిసినవాడే వరద బీమా కోసం వస్తాడు. గుణదల కొండ మీద ఇల్లున్నవాడు ఎందుకు వస్తాడు? రాడు. మునిగేవాళ్లు మాత్రమే చేరిన చిట్టీలో చివరి పాట ఎవరికీ గిట్టదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఇవి నేను ఊహించి చెబుతున్న అంకెలు, ఏ కంపెనీ రేట్లూ కావు. ఒక ఇంటికి ఇరవై ఏళ్లకు ఒకసారి నీరు వస్తుందనుకుందాం. బుడమేరు 2005లో వచ్చింది, మళ్లీ 2024లో వచ్చింది, కాబట్టి ఈ ఇరవై ఏళ్లన్నది మరీ గాలిలోంచి తీసింది కాదు. వచ్చినప్పుడల్లా గోడలు, వైరింగు, తలుపులు, బీరువా, ఫ్రిజ్, మంచాలు అన్నీ కలిపి 3 లక్షల రూపాయలు పోతాయనుకుందాం. అంటే కంపెనీ తన ఆఫీసు ఖర్చు, లాభం ఏమీ వేసుకోకుండా కూడా ఆ ఇంటి నుంచి ఏటా 15 వేల రూపాయలు తీసుకోవాలి. ఆటో నడుపుకునే మనిషి తన ఇంటికి ఏటా 15 వేలు కట్టగలడా? కట్టలేడు. ఇక్కడే సబ్సిడీ మాట పుడుతుంది, న్యాయంగానే పుడుతుంది. అడిగేవాళ్ల తప్పేమీ లేదు.

అడిగేవాళ్లు ఇంకో మాట కూడా అంటారు. పంటకు ఇస్తున్నారు కదా, ఇంటికి ఎందుకు ఇవ్వరు అంటారు. నిజమే. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు ఖరీఫ్ పంటకు బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య పంటలకూ తోటలకూ 5 శాతం కడితే చాలు, మిగతాది కేంద్రమూ రాష్ట్రమూ భరిస్తాయి. అయితే పొలానికీ ఇంటికీ ఒక తేడా ఉంది. రైతు తన పొలాన్ని ఎత్తుకుపోయి వేరే చోట పెట్టుకోలేడు, పంట ప్రతి ఏడాదీ కొత్తగా వేస్తాడు, ఈ ఏడాది ఇచ్చిన సబ్సిడీ ఈ ఏడాదితోనే తీరిపోతుంది. ఇల్లు అలా కాదు. ఒకసారి కట్టాక యాభై ఏళ్లుంటుంది. చవక బీమా ఉంది కదా అని వాగు ఒడ్డున ఇవాళ ఇల్లు కడితే, ఆ సబ్సిడీ బిల్లు మన మనవళ్ల దాకా నడుస్తుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. ఈ దారిలో అరవై ఏళ్లకు దగ్గరగా నడిచిన దేశం ఒకటి ఉంది. అమెరికాలో మామూలు ఇంటి పాలసీ వరదను కవర్ చేయదు. ప్రైవేటు కంపెనీలు చేయలేమన్నాయి కాబట్టి 1968లో చట్టం చేసి ప్రభుత్వమే వరద బీమా మొదలుపెట్టింది. 1973 నుంచి, ముంపు ప్రాంతంలో బ్యాంకు అప్పుతో ఇల్లు కొనేవాడు ఆ బీమా తప్పక తీసుకోవాలన్నారు. ఒక ఇంటి భవనానికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్ల వరకు కవరేజి ఇస్తారు. పాత ఇళ్లవాళ్లు ఉన్నట్టుండి భారం మోయలేరని వాళ్లకు అసలు ప్రమాదం కన్నా తక్కువ ధర పెట్టారు. మంచి మనసుతో చేసిన పనే. ఏమైంది? అవే ఇళ్లు మళ్లీ మునిగాయి, మళ్లీ డబ్బు తీసుకున్నాయి, అదే చోట మళ్లీ లేచాయి. 2005లో కత్రినా తుపాను వచ్చేసరికి ఆ పథకం ఖజానాకు బాకీ పడింది. 2017లో అక్కడి చట్టసభ కాంగ్రెస్ ఏకంగా 1,600 కోట్ల డాలర్ల బాకీ రద్దు చేసింది, అయినా ఇంకా బాకీ మిగిలే ఉంది.

ఇందులో మనం నేర్చుకోవలసినది అప్పు కన్నా పెద్ద విషయం ఒకటుంది. 2012లో ఆ దేశం ధైర్యం చేసి, ఇకనుంచి అసలు ధరే వసూలు చేస్తామని చట్టం తెచ్చింది. ప్రీమియం నోటీసులు ఇళ్లకు చేరాయి. గగ్గోలు పుట్టింది. రెండేళ్లు తిరక్కుండానే 2014లో ఆ పెంపులో చాలా భాగాన్ని వెనక్కు తీసుకుంటూ ఇంకో చట్టం చేశారు. 2021 అక్టోబరు నుంచి ఒక్కో ఇంటి ప్రమాదాన్ని బట్టి ధర కట్టే కొత్త పద్ధతి తెచ్చారు గాని, చాలా ఇళ్లకు ఏడాదికి 18 శాతం మించి పెంచడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి అసలు ధర దగ్గరకు మెల్లగానే వెళుతున్నారు. వరద సబ్సిడీ ఒకసారి మొదలైతే దాన్ని ఆపడం ఏ పార్టీ వల్లా కాదు. అంత పెద్ద దేశంలోనే కాలేదు, ఎన్నికలంటే ఊరంతా ఊగిపోయే మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అవుతుందా? మీరే చెప్పండి.

బ్రిటన్‌వాళ్లు కొంచెం ఆలోచించి మొదలుపెట్టారు. 2016 ఏప్రిల్‌లో అక్కడ ఒక ఉమ్మడి పునర్బీమా నిధి వచ్చింది. ఇళ్లకు బీమా చేసే కంపెనీలన్నిటి నుంచీ ఏటా కొంత వసూలు చేసి, ఆ సొమ్ముతో ముంపు ఇళ్ల ప్రీమియాన్ని అందుబాటులో ఉంచుతారు. అందులో నాకు నచ్చినవి రెండు నియమాలు. మొదటిది, 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్లకు ఆ సదుపాయం లేదు. తెలిసి వాగులో కట్టావు, నీ ధర నువ్వు కట్టుకో అన్నమాట. రెండోది, ఆ నిధికి ముగింపు సంవత్సరాన్ని మొదటి రోజే రాసేశారు: 2039. అప్పటికి మురుగు కాలువలు, గట్లు, ఇళ్ల ఎత్తు అన్నీ సరిచేసుకోవాలి. ఫ్రాన్స్ పద్ధతి మరొకటి. 1982 నుంచి అక్కడ ప్రతి ఇంటి బీమా మీదా దేశమంతా ఒకే శాతం సర్‌చార్జి వేసి ప్రకృతి వైపరీత్యాలకు వాడుతున్నారు. కొండ మీదవాడు, ఏటి ఒడ్డువాడు ఒకే రేటు కడతారు. ఆ శాతం 12గా ఉండేది, 2025 జనవరి నుంచి 20 అయింది. ఐకమత్యం మంచిదే, ఖరీదు మాత్రం ఏటికేడాది తెలిసివస్తుంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

మన దగ్గర విడిగా వరద బీమా అనే పాలసీ లేదు, దాని అవసరం కూడా లేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఆదేశం ప్రకారం ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీ అమలులో ఉంది. అందులో అగ్నిప్రమాదం, తుపాను, భూకంపంతో పాటు వరద కూడా కలిసే ఉంటుంది. భవనానికి తీసుకుంటే, ఆ మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షల రూపాయలు మించకుండా, ఇంట్లోని సామానుకు దానంతటదే వర్తిస్తుంది. ఈ సంగతి ఈ హాల్లో ఎంతమందికి తెలుసు? మళ్లీ చేతులెత్తమంటే మీకు చికాకు, కాబట్టి అడగను. వరద తగ్గాక తెలిసినవాళ్లు కాగితాలు చూసిపెట్టమంటే నేను ఆ వీధుల్లోకి వెళ్లాను. ఒక ఇంట్లో గృహరుణం ఫైలు తిరగేస్తుంటే నాలుగు పేజీల మధ్య భవనం పాలసీ కనిపించింది. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు తన రక్షణ కోసం చేయించింది, ప్రీమియం ఆయన ఖాతాలోంచే కోసుకుంది, పాలసీ ఉందని మాత్రం ఎవరూ ఆయనకు చెప్పలేదు. వరద వచ్చి అప్పటికి రెండు నెలలైంది. ఆయన గోడలకు సున్నం కూడా వేయించేశాడు. తడి గుర్తులు లేవు, ఫొటోలు లేవు, సర్వేయరుకు చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఏ బ్యాంకు అని అడగకండి, చెప్పను. సబ్సిడీ ఇచ్చి కొత్త పాలసీలు అమ్మించే ముందు, డబ్బు కట్టినవాడికి తన చేతిలో పాలసీ ఉందని తెలియజేసే పని చేయవద్దా?

రెండో సంగతి పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ తీసేశారు, సంతోషం. ఇంటి బీమా మీద 18 శాతం అలాగే ఉంది. మనం ప్రభుత్వాన్ని ప్రీమియంలో వాటా కట్టమంటున్నాం, ప్రభుత్వమేమో ఆ ప్రీమియం మీద నూటికి పద్దెనిమిది వసూలు చేసుకుంటోంది. కుండలో ముందు చిల్లు పూడ్చి, ఆ తర్వాత నీళ్లు పోయడం మంచిది గదా.

ఇక మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచేది: సబ్సిడీ ఎవరి చేతికి చేరుతుంది? ‘సొంత ఇళ్లవారికి’ అన్నారు మీ ప్రశ్నలో. సొంత ఇంటికి పాలసీ కావాలంటే కాగితాలు కావాలి. వాగు పోరంబోకు మీద ముప్పై ఏళ్లుగా ఉన్నవాడికి రిజిస్టర్డు దస్తావేజు ఎక్కడిది? అతను మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. అద్దెకున్నవాడు మీ ప్రశ్నలోనే లేడు. కాని ఆ సెప్టెంబరులో గ్రౌండ్ ఫ్లోరులో కుట్టుమిషను, ఫ్రిజ్, పిల్లల సర్టిఫికెట్లు పోగొట్టుకున్నవాళ్లలో అద్దెవాళ్లు ఎంతమంది లేరు! మరి ఎవరికి చేరుతుంది? ప్రీమియంలో ఇంత శాతం అని సబ్సిడీ పెడితే, ఎంత పెద్ద ఇల్లయితే అంత పెద్ద సబ్సిడీ. కరకట్ట లోపలివైపు, నది కనబడేలా కట్టుకున్న బంగళాకు వాంబే కాలనీలోని గది కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ప్రజాధనం పోతుంది. ఇది నాకు మింగుడుపడదు. మీకు పడుతుందా?

అందుకని నా సమాధానం ఇది. ప్రభుత్వం సాయం చేయాలి, కాని స్థలానికి కాదు, మనిషికి చేయాలి. ప్రమాదం అసలు ధర ఎంతో ఆ ధరను పాలసీ మీద దాచకుండా అచ్చువేయాలి. ఈ ఇంటికి ఏటా 15 వేలు, ఇందులో ప్రభుత్వం ఇంత, మీరు ఇంత అని స్పష్టంగా కనబడాలి. ఆ అంకె చూసిన ఇంటి యజమాని రేపు మెట్లు ఎత్తు చేయించాలా, కరెంటు మీటరు బోర్డు పైకి జరిపించాలా, అసలు ఇక్కడే ఉండాలా అని ఆలోచిస్తాడు. అంకె దాచితే ఆలోచించడు. సాయం రూపాయల్లో ఒక హద్దు వరకే ఉండాలి, శాతంలో ఉండకూడదు. ఆదాయం చూసి ఇవ్వాలి, అద్దెవాడి సామాను పాలసీకి కూడా ఇవ్వాలి, పట్టా లేనివాడికి ఇంటి పన్ను రసీదో కరెంటు బిల్లో ఆధారంగా తీసుకోవాలి. ఒక తేదీ గీసి, ఆ తర్వాత ముంపు పరిధిలో కట్టిన ఇంటికి ఒక్క రూపాయి ఇవ్వకూడదు. పథకం ముగిసే సంవత్సరాన్ని మొదటి జీవోలోనే రాయాలి.

ఇదంతా జరిగేపని కాదు అని ముందు వరుసలో ఎవరో గొణిగారు. వినబడింది. జరుగుతుందని నేను చెప్పగలనా? చెప్పలేను. కాని ప్రభుత్వానికి తెలియని పని మాత్రం కాదు. 2024లో పరిహారం ప్రకటించినప్పుడు ఏం చేశారో గుర్తుందా? మునిగిన గ్రౌండ్ ఫ్లోరు ఇంటికి 25 వేలు, మొదటి అంతస్తు ఆ పైవాళ్లకు 10 వేలు. అంటే ఎవరికి ఎంత ప్రమాదమో అంతస్తును బట్టి లెక్కకట్టారన్నమాట. బీమా సర్వేయరు చేసేది కూడా దాదాపు అదే పని. తేడా ఏమిటంటే, నీరు పోయాక కట్టిన ఆ లెక్కను నీరు రాకముందు కట్టాలి. వార్డు సచివాలయం వాళ్లు ఇంటింటికీ తిరిగి రాసుకున్న ఆ వివరాలు ఈ ఊరికి ఉన్న మంచి ముంపు పటం. ఏ వీధిలో ఎంతవరకు నీళ్లు వచ్చాయో అందులో ఉంది. దాన్ని వార్డుల వారీగా గోడ మీద అంటించమనండి.

పరిహారం ఇస్తున్నప్పుడు బీమా ఎందుకు అనేవారు కూడా ఉన్నారు. విపత్తు నిధి నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన పక్కా ఇంటికి 1 లక్షా 20 వేల రూపాయలు. ఆ డబ్బుతో ఇవాళ విజయవాడలో ఎన్ని గదులు లేస్తాయో మేస్త్రీని అడగండి. పైగా మన ఇళ్లు కూలలేదు, నానాయి. నానిన ఇంటికి నిబంధనల్లో దక్కేది బహు స్వల్పం, ఆనాటి 25 వేలు ప్రభుత్వం ప్రత్యేకంగా ఇచ్చినవి, ప్రతిసారీ ఇస్తారని రాసిపెట్టి లేదు. పరిహారం దయ మీద వస్తుంది, పాలసీ హక్కు మీద వస్తుంది. పరిహారం జాబితాలో పేరు లేదని కలెక్టరేటు చుట్టూ తిరిగినవారికి ఈ తేడా నేను విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇంటింటి పాలసీల కన్నా చిన్న దారి ఒకటి నాగాలాండ్ ప్రభుత్వం చూపించింది. ఇంటివాళ్లను కాకుండా తననే పాలసీదారుగా పెట్టుకుని, నిర్ణీత హద్దు మించి వాన పడితే చాలు సొమ్ము వచ్చేలా ఒక బీమా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. సర్వేయరు రానక్కరలేదు, నా వంటివాళ్ల ఉద్యోగాలు పోతాయనుకోండి, అయినా పరవాలేదు. ఇక్కడ మాత్రం ఒక జాగ్రత్త కావాలి. సింగ్ నగర్ మునిగింది సింగ్ నగర్‌లో కురిసిన వానకే కాదు, మైలవరం కొండల వైపు కురిసిన వానకు, కట్ట తెగినందుకు. వానమాపకం ఎక్కడ పెట్టాలి, బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నీటిమట్టాన్ని హద్దుగా పెట్టాలా అన్నది ఇరిగేషన్ ఇంజనీర్లు కూర్చుని తేల్చవలసిన విషయం.

మొదట్లో అడిగిన ప్రశ్న గుర్తుందా? కృష్ణలంకకూ సింగ్ నగర్‌కూ బీమా ధర ఒకటే ఉండాలా? ఉండకూడదు. గోడ వెనక ఉన్నవాడికి తగ్గాలి, వాగు పక్కవాడికి అది ఎంతో అంత కనబడాలి. కనబడితేనే మళ్లింపు కాలువ వెడల్పు చేయమని, కట్టలు గట్టిచేయమని, కొల్లేరు దాకా బుడమేరు దారిలో అడ్డాలు తీయమని అడగడానికి మీ చేతిలో ఒక అంకె ఉంటుంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు నదిలోకి దిగదు. అది తీరనంతకాలం ఏ సబ్సిడీ ఇచ్చినా ప్రతి వానాకాలం బిల్లు మళ్లీ వస్తుంది. సబ్సిడీ మీద పెట్టే ప్రతి రూపాయికీ కట్ట మీద ఎంత పెట్టారని అడగండి.

ఇప్పుడు ఒక అమ్మ చీటీ పంపారు. ‘మేము అద్దెకుంటున్నాం, కుట్టుమిషన్లు రెండు, ఓవర్‌లాక్ మిషను ఒకటి ఉన్నాయి, మాకు పాలసీ ఇస్తారా’ అని అడిగారు. ఇస్తారమ్మా. భవనం మీది కాకపోయినా సామానుకు విడిగా తీసుకోవచ్చు. కాని ఆ మిషన్ల మీద మీరు బయటివాళ్లకు కుట్టి సంపాదిస్తున్నారు కాబట్టి ఇంటి పాలసీ కింద చూపితే రేపు క్లెయిములో పేచీ వస్తుంది. ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అని చిన్న వ్యాపారాలకు వేరే పాలసీ ఉంది, అది అడగండి. మిషన్ల బిల్లులు ఫొటో తీసి ఫోనులో కాకుండా మీ అన్నగారి మెయిల్‌లో పెట్టించండి, ఎందుకంటే ఫోను కూడా నీళ్లలోనే ఉంటుంది. వెనక ఇంకో ఇద్దరు చేతులెత్తారు, హాలు ఎనిమిదింటికి ఖాళీ చేయాలంటున్నారు, బయట మెట్ల దగ్గర ఉంటాను, రండి.